పీసీ బల్ల ఏ గోడకు

జూన్ 6, శుక్రవారం

బంద్. వారపు సెలవు, కార్ఖానాల్లో సాంచలన్నీ ఆగాయి. శాంతి నగర్‌లో ఈరోజు ఒక్క కరెంటు మగ్గం కూడా ఆడటం లేదు. నా భార్య సుజాత గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతూ, "అబ్బ, చెవులకు ఎంత సల్లగున్నది" అంది. నాకు చల్లగా ఏమీ లేదు. సాంచలు ఆగగానే నా చెవుల్లో సన్నటి కూత మొదలవుతుంది. శుక్రవారం అంటేనే భయం. మిగతా రోజుల్లో మాట అందకపోతే నేరం సాంచల మీదికి నెట్టేయొచ్చు. ఈరోజు ఎవరి మీదికి నెట్టాలి?

నా బిడ్డ నిఖిత వంటింట్లోంచి ఏదో అడిగింది. "ఊఁ" అన్నాను. పరుగెత్తుకొచ్చి నా మెడ చుట్టూ చేతులేసింది. సంతోషంగా ఉంది. దేనికి ఒప్పుకున్నానో మాత్రం తెలియదు.

జూన్ 7, శనివారం

తెలిసింది. పీసీ కొనడానికి ఒప్పుకున్నానట. గల్లీలో అందరికీ చెప్పేసింది.

పదో తరగతి పాసైతే ఆటల మిషన్ కొనిస్తానని మాటిచ్చింది నేనే. కాని నా మనసులో ఉన్నది కన్సోల్. టీవీకి తగిలిస్తే చాలు. టీవీ ముందు గదిలో ఉంది. బిడ్డ చాప మీద దాని ఎదురుగా కూర్చుని ఆడుకుంటుంది, టీవీ పక్కనున్న పెట్టె మీద నేను కూర్చుంటాను. ముఖం కనిపిస్తుంది. పీసీ అయితే లోపలి గదిలో పెట్టాలి. బల్ల గోడకు ఆనుకుని ఉంటుంది. చెవులకు హెడ్‌ఫోన్, ముఖం గోడకు, వీపు మాకు. వీపు ఏం చెబుతోందో నేనెట్లా తెలుసుకునేది?

ఇక్కడ, ఈ కాగితం మీద, ఒక్కసారి రాసేస్తాను. నాకు వినపడటం లేదు. పెద్ద చప్పుడైతే ఉందని తెలుస్తుంది, అందులో మాట ఉండదు. పెదవులు చూసి మాట తెలుసుకుంటున్నాను. ఇంట్లో తెలియదు. కార్ఖానాలో తెలియదు.

జూన్ 9, సోమవారం

కార్ఖానాలోకి అడుగు పెట్టగానే భయం తగ్గింది. అక్కడ ఎవరికీ ఏమీ వినపడదు. ఆ మోతలో అందరూ పెదవులతో, చేతులతోనే మాట్లాడుకుంటారు. చిన్నప్పుడు మా బాపు వెంట వచ్చి నేర్చుకున్న విద్య. సేటు ఆ చివర నిలబడి, "నాలుగో నంబరు మీద బట్ట ఖరాబ్ అయితంది, ఏంది సంగతి?" అన్నాడు. ఒక్క అక్షరం తప్పిపోలేదు. "చూస్త సేటూ" అని పెదవులతోనే అన్నాను.

కాని జాబర్ పని చెవి పని. సాంచ చెడితే బాగు చెయ్యాలి. ఒకప్పుడు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ఏది తప్పు కొడుతోందో పట్టేసేవాణ్ణి. ఇప్పుడు ఒక్కొక్క దాని దగ్గరికీ వెళ్లి ఇనుము మీద అరచెయ్యి ఆనించి చూస్తున్నాను. నాలుగోది దొరికింది. చెయ్యి చెప్పింది. ఎంతకాలం చెబుతుందో.

జూన్ 11, బుధవారం

వాన. రేకుల మీద పడుతోందని సుజాత గిన్నెలు సర్దుతుంటే తెలిసింది.

జూన్ 13, శుక్రవారం

నిఖితతో దుకాణానికి వెళ్లాను. అమ్మేవాడికి జలుబట, ముక్కూ నోరూ మూసి మాస్క్ కట్టుకున్నాడు. వాడి కళ్లు నన్ను ఏదో అడుగుతున్నాయి. మాస్క్ గుడ్డ కదులుతోంది. గుడ్డ కదలికలో నాకేం అర్థమవుతుంది? "హా హా" అన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ "హా" అన్నాను. వీపంతా చెమట. నిఖిత నా వైపు తిరిగి, "బాపూ, బడ్జెట్ ఎంత అని అడుగుతుండు. హా అంటవేంది?" అంది. "వాన్నే చెప్పమను" అని నవ్వేశాను. తను నవ్వలేదు.

తర్వాత వాడు కన్సోల్ కంట్రోలర్ నా చేతుల్లో పెట్టాడు. కార్ల ఆట. మలుపులో నా కారు గోడకు తగిలింది, అరచేతుల్లో అది గడగడలాడింది. ఇంకోసారి కావాలనే తగిలించాను. టైరు మట్టి మీదికి పోతే ఒక రకం, ఇంకో కారుకు రాసుకుంటే ఒక రకం. ఆట మొత్తం చేతుల్లోకి వస్తోంది! ఈ మధ్య ఎప్పుడూ ఇంత సంబరపడలేదు.

"ఇదే తీసుకుందాం" అన్నాను. నిఖిత ముఖం మాడిపోయింది.

రిక్షాలో పక్కనే కూర్చుని దారంతా మాట్లాడింది. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. నాకు కోపం వచ్చిందని అనుకుని ఉంటుంది.

జూన్ 14, శనివారం

పేచీ. నేనే పెట్టుకున్నాను. కన్సోలే ఎందుకు అంటే అసలు కారణం చెప్పలేను కదా, నోటికొచ్చిన కారణాలు చెప్పాను. గల్లీ నిండా దూది దుమ్ము, పీసీ ఫ్యానులోకి పోతుంది, వేడెక్కి అంటుకుంటుంది, ఇల్లు తగలబడుతుంది అన్నాను.

"బాపూ, పీసీ అయితె డబ్బ మూత తీసి దులుపుకుంటం. కన్సోల్ మూత తీస్తె గ్యారంటీ పోతది. దుమ్ము దానికే డేంజర్" అంది. "కాలేజీల చదువుకు గూడ పనికొస్తది. నా దోస్తులందరు పీసీ మీదనే ఆడుతరు. నేనొక్కదాన్నే కన్సోల్ పట్టుకొని ఏం చెయ్యాలె?"

అన్నీ నిజాలే. నా దగ్గర ఒక్క నిజం ఉంది, అది బయటికి రాదు.

సుజాత నా మీదే విరుచుకుపడింది. "పిల్ల మస్తు మార్కులు తెచ్చింది. అడిగింది కొనియ్యక గీ లొల్లి ఏంది నీకు? గా టీవీకి తగిలిస్తే నా వార్తలు నేనెప్పుడు చూడాలె?"

ఎందుకు చెప్పడం లేదని నన్ను నేనే అడుగుతున్నాను. సేటుకు తెలిస్తే పని పోతుంది, అదొకటి. అసలుది అది కాదు. మా బాపుకూ వినికిడి ఇట్లాగే పోయింది. చివరి రోజుల్లో అందరి ముఖాలూ చూస్తూ నవ్వుతూ కూర్చునేవాడు. ఇంట్లో ఆయనతో "తిన్నవా", "పండుకో" తప్ప వేరే మాట ఉండేది కాదు. ఆయన ఎదుటే ఆయన గురించి మాట్లాడుకునేవాళ్లు. నాకు ఆ నవ్వు తెలుసు. నిన్న దుకాణంలో నేను నవ్వింది అదే.

జూన్ 17, మంగళవారం

నిఖిత నన్ను గమనిస్తోంది. అన్నం తినేటప్పుడు తల పక్కకు తిప్పి ఏదో అంటుంది, మళ్లీ నా వైపు చూస్తుంది. నేను కూర బాగుందంటాను.

జూన్ 20, శుక్రవారం

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పగలు. బంద్. పైగా కరెంటు పోయింది, ఫ్యాను లేదు. ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. నిఖిత నా ఎదురుగా. నా కళ్లలోకి చూస్తూ, "బాపూ, పీసీ కొనిస్తె రోజు నీతోని వరాలా తలావ్ కట్ట దాక నడుస్త" అంది.

"రోజూ వద్దులే బిడ్డా, ఆదివారం చాలు. పీసీ సంగతి మళ్లీ మాట్లాడుదాం" అన్నాను.

సుజాత చేతిలో గరిటె ఆగిపోయింది. నన్ను చూసింది, పిల్లను చూసింది. "ఎవలతోని మాట్లాడుతున్నవయ్యా?"

"దీనితోనే."

"అదేమన్నది? అది సప్పుడే చెయ్యలేదు కదా, ఊకె పెదవులు ఆడిచ్చింది..."

గొంతు లేకుండా అన్నదన్నమాట. ఒక్క చప్పుడు కూడా చేయకుండా. నాకు తేడా తెలియలేదు. నాకు ఎప్పుడూ వినపడేది అంతే కదా.

నిఖిత కళ్లు నిండాయి. "గందుకేనా బాపూ, పీసీ వద్దన్నది?" ఈసారి గొంతు ఉందో లేదో నాకు తెలియదు. చెయ్యి కడుక్కుని లేచాను. సగం అన్నం అట్లాగే ఉంది.

జూన్ 21, శనివారం

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. సుజాత నా ముందుకొచ్చి నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటా విడదీసి మాట్లాడుతోంది. చంటిపిల్లలతో మాట్లాడినట్టు. "టీ... తాగు... తవా?" నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. పెదవులు అట్లా సాగదీస్తే చదవడం ఇంకా కష్టం. అది కూడా చెప్పలేకపోయాను.

చెవుల డాక్టరు దగ్గర నంబరు రాయించిందట. వచ్చే నెల మొదట్లో. పోను అనలేదు. పోతానని కూడా అనలేదు.

జూన్ 25, బుధవారం

పొద్దున ఏడో నంబరు సాంచ మీద చెయ్యి పెట్టాను. ఏమీ చెప్పలేదు. భయపడి రెండో చెయ్యి కూడా పెట్టాను. సాంచ ఆగి ఉందని అప్పుడు చూశాను. పక్కవాడు ఏమనుకున్నాడో...

జూన్ 27, శుక్రవారం

నిఖిత వచ్చి నా మోకాళ్ల దగ్గర కూర్చుంది. "బాపూ, కన్సోలే తీసుకుందాం. నాకు గూడ గదే మంచిగనిపిస్తుంది. ఇద్దరం ఆడుకోవచ్చు."

అబద్ధం. నోటి దగ్గర తెలిసిపోతుంది, అబద్ధానికి పెదవులు తొందరపడతాయి.

ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే. అది నా ముందుకే వచ్చింది, నాకు మాత్రం అందుకోవాలనిపించలేదు. పదిహేనేళ్ల పిల్ల నా మీద జాలి పడి తనకు ఇష్టమైనది వదులుకుంటోంది. ఈరోజు పీసీ, రేపు ఇంకేదో. దోస్తులతో పోవాల్సిన చోటికి పోకుండా, బాపు ఒక్కడే ఉన్నాడని ఇంట్లో కూర్చుంటుంది. మా బాపు దగ్గర ఎవరూ కూర్చోలేదు. నా దగ్గర ఇది కూర్చుండిపోతుంది. ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేకపోతున్నాను.

"పీసీ అన్నవు, పీసీయే" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, సుజాత వంటింట్లోంచి తొంగిచూసింది.

సాయంత్రమే వెళ్లి తీసుకున్నాం. దుకాణంవాడి జలుబు తగ్గింది. మాస్క్ లేదు. చిన్న మీసం ఉంది వాడికి.

జూన్ 29, ఆదివారం

లోపలి గదిలో బల్ల వేశాను. గోడకు ఆనించి, ప్లగ్గు దగ్గరగా. అంతా తగిలించాక నిఖిత నిలబడి చూసింది. తర్వాత ఒక్కతే బల్లను లాగడం మొదలుపెట్టింది. పూర్తిగా తిప్పేసింది. ఇప్పుడు తను గోడకు వీపు పెట్టి కూర్చుంటుంది. ముఖం గుమ్మం వైపు. గుమ్మంలోంచి చూస్తే ముందు గదిలో నా పెట్టె కనిపిస్తుంది. వైర్లన్నీ గది మధ్యలోకి వేలాడుతున్నాయి.

సుజాత మొత్తుకుంది. "గీ వైర్లు కాళ్లకు తట్టుకొని పడి సావాల్నా? మంచిగ గోడకు ఉంటే ఏమైంది?"

"ఉండనియ్యమ్మా, గిట్లయితె బాపుకు కనవడ్త" అంది.

బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు ముఖం కడుక్కున్నాను.

జూలై 1, మంగళవారం

పని నుంచి వచ్చి పెట్టె మీద కూర్చుంటున్నాను. తను ఆడుతుంది. తెర నాకు కనిపించదు, వెనకవైపు నల్లటి రేకే. ఆట అంతా తన ముఖంలోనే చూస్తున్నాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని దోస్తులతో, వెనక చూడమని, హిందీలో అంటుంది: "అరే పీఛే దేఖ్, పీఛే!" మధ్యలో ఇంకెవరినో ఈ ఊరి మరాఠీలో తిడుతుంది. ఓడిపోతే తెలుగులో తనను తానే తిట్టుకుంటుంది. తిట్టుకోవడం అచ్చం సుజాతే.

నా బిడ్డ ఇంత మాటకారి అని నాకు తెలియదు. సంతోషంగా ఉంది. ఈరోజు భయం లేదని రాయొచ్చు. రాస్తున్నాను.

జూలై 2, బుధవారం

నిన్న రాసింది కొట్టెయ్యాలనిపిస్తోంది.

ఆట మధ్యలో ఆగి ఎవరితోనో మాట్లాడుతోంది. నవ్వడం లేదు. "మేరే బాపూకో..." అంది. నా గురించి. మిగతా మాట కోసం పెదవుల మీదే కళ్లు పెట్టాను. అప్పుడే తల ఎత్తింది. నేను చూస్తున్నానని చూసింది. చిన్నగా నవ్వింది. చెయ్యి ఎత్తి, మైకు సర్దుకుంటున్నట్టు, నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి వెనక మాట సాగుతూనే ఉంది. బుగ్గలు కదులుతున్నాయి. కళ్లు తెర మీద లేవు, నా మీదా లేవు.

నాకు వినపడదని తెలుసుకున్న రోజే, నా నుంచి మాట ఎట్లా దాచాలో కూడా తెలుసుకుంది. తప్పు తనది కాదు. ఎదిగిన పిల్లకు దాచుకునే మాటలు ఉంటాయి. చెవులున్న తండ్రులకు తలుపు వేస్తారు. నాకు ఒక అరచెయ్యి చాలు.

ఏమంది? మా బాపుకు వినపడదు అందా... ఎప్పుడూ నన్నే చూస్తూ కూర్చుంటాడు, ఆడనివ్వడు అందా...

జూలై 4, శుక్రవారం

బంద్. రేపు డాక్టరు. సుజాత నా తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించింది. చెవి మిషన్ పెడతారేమో. లేక ఆలస్యమైందంటారేమో. మిషన్ పెట్టుకుని కార్ఖానాలోకి వెళ్తే సేటు పెదవుల మీద మొదట ఏ మాట వస్తుందో నాకు తెలుసు.

కూత ఆగడం లేదు. ఈరోజు రెండు చెవుల్లోనూ.

అడిగితే చెబుతుంది నిఖిత. ఏమన్నవు బిడ్డా అని ఒక్క మాట. పొద్దుటి నుంచి అడుగుదామనుకుంటున్నాను. అడిగాక నా ముఖం చూసి తొందర తొందరగా ఇంకేదో చెబితే? ఆ పెదవులు కూడా నేను చదవాల్సి ఉంటుంది.

పెట్టె మీద కూర్చునే ఇది రాస్తున్నాను. లోపల తను ఆడుతోంది. తలెత్తి నన్ను చూసింది. ఎవరికో ఏదో మొదలుపెట్టింది, "బాపు" అన్నంతవరకు అందింది... చెయ్యి లేస్తోంది. జుట్టు వెనక్కి తోసుకోవడానికో, నోటికి అడ్డం పెట్టుకోవడానికో —