కిష్టవ్వ పొలం వంతు

మన ఊరి సమస్త ప్రజలకు, పశుపక్ష్యాదులకు తెలియజేయునది ఏమనగా, పరశురాములు అనువాడు నిన్నటి నుంచి మీసానికి రంగు వేయుట మానుకున్నాడు. ఇందుకు మీ అవ్వ తప్ప ఎవరూ సంతోషించలేదు.

చిరంజీవి వినోదను బాపు దీవించి రాసేది. ఇక్కడ నేను, అవ్వ, రెండు బర్రెలు బాగానే ఉన్నాం. హైదరాబాదులో నువ్వు వేళకు తింటున్నావనుకుంటాను. ఫోన్‌లో చెబుదామంటే మీ అవ్వ చెవి పక్కనే ఉంటుంది, అందుకే జాబు.

నువ్వు తయారుచేస్తున్న వరికోత మిషన్ల యాప్ కోసం నేర్పిన మాటలు బాగానే తలకెక్కాయి. రైతు అడిగేది రిక్వెస్ట్, మనం చెప్పేది రెస్పాన్స్, అడిగే కిటికీ ఎండ్‌పాయింట్. ఇరవై ఏళ్లుగా నేను మిషన్ల వంతులు రాసే నోటుబుక్కే డేటాబేస్. రాజయ్య ఇంకా అలాగే ఉన్నాడా అన్నావు. రెండెకరాలను ఐదని చెబుతూనే ఉన్నాడు, చెప్పింది సరో కాదో చూసే నీ వ్యాలిడేషన్ వాడి కోసమే పుట్టింది.

అథెంటికేషన్‌కు, ఆథరైజేషన్‌కు తేడా మొన్న చొక్కారావు దొర ముందు తెలిసింది. తన పదెకరాలు మొదట రాయమన్నాడు.

"నేనెవరో ఎర్కలేదా పరశురాములూ?"

"మీరెవరో మా బిడ్డ సర్వర్‌కు గూడ ఎర్కే దొరా. గని ముందుకు జరిగే హక్కు మీకియ్యలే."

"మగదిక్కు లేనోళ్లది ముందు కొయ్యాల్నని ఎవడు పెట్టిండు?"

"తాతల కాలం కెల్లి ఉన్నదే."

"మా తాత గీ ముచ్చట నాకెన్నడు చెప్పలే."

సోమవారం యాప్ తెరవకముందే ఊరి ముసలివాళ్లను కూర్చోబెట్టి ఈ ఆచారం నిజమేనా అని దొర అడుగుతాడట. అప్పటి నుంచి నాకు ఒక్కచోట నిలకడ లేదు. పైన మబ్బులు, ఊళ్లో రెండే మిషన్లు. కాళ్లలో ముళ్లున్నాయా అని మీ అవ్వ తిడుతోంది.

ఇద్దరు ఒకేసారి అడిగితే ముందు ఎవరికని నువ్వు అడిగినప్పుడు, మగదిక్కు లేనివాళ్లకే ముందనే ఆ ఆచారం సంగతి రాసింది నేనే. నువ్వు దాన్ని కోడ్‌లో పెట్టావు. మీ ఆఫీసు పెద్దసారు అందుకు మన ఊరిని మెచ్చుకున్నాడని రాశావు. అది చదివాకే ఈ జాబు రాయడానికి కూర్చున్నాను.

పోయిన యాసంగి కోతల్లో వంతు కోసం అందరూ మన వాకిట్లో చెప్పులు వరుసగా పెట్టారు. కిష్టవ్వవి మొదటివి. మొగుడు లేడు, ఉన్నది ఎకరన్నర. ఆమె నీళ్లకు పోయినప్పుడు నవ్వులాటకు ఆ చెప్పులు చివరికి జరిపాను. అందరూ నవ్వారు. తిరిగి పెట్టడం మరిచి, ఆ వరుసే నోటుబుక్కులో ఎక్కించాను. ఆమె వంతు నాలుగోరోజు. మూడోనాటి సాయంత్రం రాళ్లవాన పడి గింజంతా రాలింది. పొలం గట్టు మీద నన్ను చూసి "నాదే ఆల్శమైంది గదనే అన్నా" అంది. చెప్పుల సంగతి చెప్పకుండానే ఇంటిదారి పట్టాను.

సోమవారం దొర అడగకముందే నేనే లేచి చెప్పుల సంగతి చెబుతాను. ఈ కోతకైనా ఆమె పేరు ముందుండనీ. తర్వాత ఆ రూలు తీస్తావో ఉంచుతావో నీ ఇష్టం. మీ సారుకు మాత్రం నిజం చెప్పు బిడ్డా. మన ఊళ్లో అలాంటి ఆచారం ఏనాడూ లేదు. నేనే పుట్టించాను.

ఇట్లు,
నీ బాపు