కింది గదికి కప్పు

విన్నిపెగ్,
నవంబరు, ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన ఒరెస్ట్‌కి,

జీనియా ప్రేమతో రాసేది. ఏ ఉత్తరమైనా ముందు దేవుడికి మహిమ అని రాసి, ఆ తర్వాతే మన గోల రాసుకోవాలని మీ అమ్మ అంటుంది కదా, అలాగే రాశాను అనుకో. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నది ఒడ్డు వెంట గడ్డ కట్టింది కానీ నడిమధ్య ఇంకా నీళ్ళు పారుతున్నాయి. గనిలోకి దిగేటప్పుడు నేను పంపిన ఉన్ని బనీను వేసుకుంటున్నావనీ, ఛాతీలో పట్టిన ఆ జలుబు వదిలిందనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను, లేకపోతే మళ్ళీ దెప్పుతావు. చలికాలపు రెండో వరస కిటికీలు బిగించాను. వంటింటిది మాత్రం మొండికేసి, నా చేత నాలుగు సుత్తి దెబ్బలు తిని దారికొచ్చింది. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు శుభ్రం చేయించాను. మీ అమ్మ రక్తపోటు మాత్రలు వేసుకుంటోంది. నాలుక మీద పెట్టుకుని, నాకు చూపించి మరీ మింగుతోంది, నేనేదో జైలరుని అయినట్టు. ఫ్యాక్టరీలో చలికోట్ల పని ముమ్మరంగా ఉంది. సాయంత్రానికి మిషను చప్పుడు చెవుల్లోంచి పోదు.

"కింది గది సీలింగ్ జోలికి పోవద్దు, క్రిస్మస్‌కి వచ్చి నేనే వేస్తాను" అని రాశావు. అది చదివి ఇద్దరం నవ్వుకున్నాం. ఒరెస్ట్, సీలింగ్ అయిపోయింది. ఇద్దరం నవ్వుకున్నామని రాసింది కూడా నిజమే.

నువ్వు సెప్టెంబరులో వచ్చి వెళ్ళినప్పటి నుంచి మీ అమ్మ నాతో మాట్లాడటం మానేసిందని పోయిన ఉత్తరంలో రాశాను. "ముసలితనపు చిరాకులే, పట్టించుకోకు" అన్నావు. నేనూ అలాగే అనుకున్నాను. మీ నాన్న పోయాక నేలమాళిగే చాలని తన మంచం, పొయ్యి, దేవుడి పటం, క్యాబేజీ ఊరబెట్టే పీపా అన్నీ కిందికి దించుకున్న మనిషి. కానీ అప్పట్లో ఏదో ఒక వంకతో రోజుకు పదిసార్లు పైకి వచ్చేది. సెప్టెంబరు తర్వాత అది కూడా లేదు. నేను మెట్ల మీద నిలబడి "అమ్మా, భోంచేశావా?" అంటే కింద గిన్నె మూత ఒకటి గట్టిగా మోగేది. అదే జవాబు.

ఇలా ఉండగా కిందటి నెలలో ఒక శనివారం, ఇనుప సామాన్ల కొట్టు కోబెల్ వ్యాను మన వాకిట్లో ఆగింది. అందులోంచి అట్టపెట్టెలూ, పొడుగాటి రేకు పట్టీల కట్టలూ దింపించాడు.

"మేమేం తెప్పించలేదే!" అన్నాను.

"మీరు కాదు, పెద్దావిడ. ఆదివారం గుడి దగ్గర పట్టుకుంది నన్ను. ఫాల్స్ సీలింగ్ కావాలంది. ఎవరు వేస్తారమ్మా అంటే, నాకు చేతుల్లేవా అంది" అన్నాడు.

ఆ చేతులు అరవై ఐదేళ్ళవని గుర్తుచేసే ధైర్యం అతనికి లేదు, నాకూ లేదు. దూలాల సందుల్లోంచి పిండిలో దుమ్ము రాలుతోందని తను నీతో ఎన్నాళ్ళుగానో సణుగుతూ ఉంది కాబట్టి, అదే కారణమనుకున్నాను. మర్నాడు కింద ఏదో ఈడుస్తున్న చప్పుడు వినిపించి దిగి చూస్తే, బంగాళాదుంపల పెట్టె మీద పీట, పీట మీద మీ అమ్మ. నోట్లో మేకులు, ఒక చేతిలో సుత్తి.

"అమ్మా! దిగు!"

మేకులు చేతిలోకి ఉమ్ముకుంది. వారాల తరబడి మూసుకున్న నోరు అప్పుడు తెరిచింది. "అరవడం ఆపి, ఆ చివర పట్టుకో" అంది.

పట్టుకున్నాను. అలా మొదలైంది మా పని.

ఎలా వేస్తారో నీకు తెలుసు కానీ, మేమెలా వేశామో నీకు తెలియాలి. గోడల చుట్టూ ఒకే మట్టంలో సన్నటి పట్టీ కొట్టాలి. పై దూలాలకు తీగలు కట్టి పొడుగు పట్టీలు వేలాడదీయాలి. వాటి మధ్య అడ్డ పట్టీలు తగిలిస్తే గళ్ళు గళ్ళుగా చట్రం తయారవుతుంది. ఆ గళ్ళలో తెల్ల పలకలు కూర్చోబెడితే సరి. గోడ పట్టీ కోసం నేను నేల మీంచి కొలిచి ప్రతి గోడకూ గుర్తులు పెట్టాను. రెండు సాయంత్రాలు పట్టింది. పొడుగు పట్టీలు కట్టాక మీ అమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని చాలాసేపు పైకి చూసింది.

"జీనియా, ఓడలో ఉన్నట్టుంది నాకు. ఇటు దొర్లిపోతానేమో అనిపిస్తోంది" అంది.

రసమట్టం తెచ్చి పెట్టి చూస్తే నిజమే. అందులో బుడగ ఒక పక్కకి పారిపోయింది. నేల మట్టంగా లేదు ఒరెస్ట్. నీళ్ళు పోవడానికి మూలన ఉన్న తూము వైపు వాలుగా పోశారు. నేల మీంచి కొలిచిన నా సీలింగ్ కూడా బుద్ధిగా తూము వైపే వాలింది.

"ఫ్యాక్టరీలో ఇలాగే కుడతావా కోట్లు? ఒక భుజం పైకీ, ఒకటి కిందికీ?"

"కోటు తొడుక్కున్నవాడి మీద కూలిపోదు కదమ్మా!"

"కూలదు. వాడు వంకరగా నడుస్తాడంతే."

ఆ మాటకి నేను నిచ్చెన మీద ఉన్నానన్న సంగతి కూడా మరచి నవ్వాను. తను నవ్వలేదు కానీ పెదవులు బిగపట్టుకుంది. కొట్టిందంతా పీకి, ఈసారి గోడ నుంచి గోడకి దారం లాగి, రసమట్టం పెట్టుకుంటూ మళ్ళీ మొదటి నుంచి కొట్టాం. పైన అడ్డంగా పోయే వేడిగాలి గొట్టం దగ్గర మాత్రం కప్పు బాగా కిందికి దిగింది. నువ్వు వచ్చినప్పుడు అక్కడ తల వంచాలి. వంచకపోతే గొట్టమే నీకు చెబుతుంది.

తర్వాత రోజూ ఫ్యాక్టరీ నుంచి రాగానే కోటు విప్పి నేరుగా కిందికే వెళ్ళేదాన్ని. పలకలు కొయ్యడం నా వంతు. గుడ్డ కోసే చెయ్యి కదా, అంచులు చక్కగా వచ్చాయి. కింద నుంచి అందివ్వడం తన వంతు. పని ముగిశాక తనే పళ్ళెం నా ముందుకు తోసేది. బంగాళాదుంప కూరి, ఉల్లిపాయ వేయించి వేసిన పెరోగీలు, పుల్లటి మీగడ. మాటలు మాత్రం సీలింగ్ గురించే. "ఇటు జరుపు", "అటు ఎత్తు", "నీ జుట్టులో ఏదో పడింది చూసుకో." అయినా నాకు అదే పండగలా ఉండేది.

ఇక అసలు సంగతి. ఇది రాయడానికే ఇంతసేపూ కిటికీల గురించీ గొట్టాల గురించీ చెబుతూ వచ్చాను.

ఆఖరి పలక సరిగ్గా తన మంచం పైన పడింది. అంటే మన వంటింటి బల్ల కింద. దాన్ని ఏటవాలుగా దూర్చి సర్ది నిచ్చెన దిగాను. తను మంచం మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"పైకి వెళ్ళి మాట్లాడు" అంది.

"ఎవరితో?"

"ఎవరితోనైనా. నీ మొగుడితో మాట్లాడినట్టు మాట్లాడు."

వెళ్ళాను. ఖాళీ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఏం మాట్లాడాలో తోచక, నువ్వు ఎదురుగా ఉన్నట్టే, "ఒరెస్ట్, రొట్టె అయిపోయింది, వచ్చేటప్పుడు తీసుకురా, పాలు కూడా" అన్నాను. కిందికి వచ్చేసరికి తను తల ఊపుతోంది.

"ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తోంది. మాటలు తెలియడం లేదు. చాలు. ఇక మీరిద్దరూ మొహమాటపడకుండా మాట్లాడుకోవచ్చు."

"మేం మొహమాటపడేంత మాటలేముంటాయమ్మా?"

"సెప్టెంబరులో వాడు వచ్చినప్పుడు, ఆ ఆదివారం మాట్లాడుకోలేదూ? నేను గుడికి వెళ్ళాననుకున్నారు. మోకాలు పట్టేస్తే సగం దారిలోనే వెనక్కి వచ్చేశాను. ఇక్కడే పడుకుని ఉన్నాను."

నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయాను.

ఆ ఆదివారం నువ్వన్న మాటలు నీకు గుర్తున్నాయో లేదో. తనకి అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఇల్లు అమ్మేసి మనిద్దరం ఉత్తరాన నీ దగ్గర కాపురం పెడదామన్నావు. అమ్మని అక్కడికి తీసుకెళ్తే మొదటి చలికే పోతుంది, వృద్ధాశ్రమంలో అయితే మన భాషవాళ్ళే ఉంటారు, వారం వారం ఫాదర్ వస్తాడు అన్నావు. ముందే చెబితే ఏడ్చి గోల చేస్తుంది, అంతా కుదిరాక చెబుదాం అన్నావు. నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. టీ పోశాను. అది కూడా తనకి వినిపించింది, కప్పులోకి టీ పడటం.

"నీ మీద కోపం లేదు" అంది. "నువ్వు నోరు మెదపలేదు కాబట్టి నీ మనసులో ఏముందో నాకు తెలియదు. తెలియక నీతో మాట్లాడలేకపోయాను. వాడి మీదా కోపం లేదు. రోజూ నా నెత్తి మీద కుర్చీ కదిలినప్పుడల్లా ఇవాళ ఏం వినాల్సి వస్తుందోనని గుండె దడదడలాడేది. అందుకే ఈ కప్పు. వినకపోతే బతకొచ్చు."

నేను ఏడ్చాను ఒరెస్ట్. ఏడ్చి గోల చేస్తుందని నువ్వన్న మనిషి మాత్రం ఏడవలేదు. లేచి నా చేతికి తువ్వాలు ఇచ్చి, "ముక్కు తుడుచుకో, పలకల పొడి అంతా మొహానికి పూసుకున్నావు" అంది.

మర్నాడు భోజన విరామంలో ఫ్యాక్టరీ ఫోను దగ్గర నిలబడి, నేను రెండు పనులు చేశాను. నువ్వు అమ్మ పేరు రాయించిన ఆశ్రమానికి ఫోన్ చేసి, మా అత్తగారు పరాస్కాగారికి మంచం అక్కర్లేదు, పేరు తీసేయండి అన్నాను. కొనడానికి ఇల్లు చూసుకుంటానని నీతో అన్న ఆయనకి ఫోన్ చేసి, రావద్దన్నాను. నిన్ను అడగలేదు. అడిగితే నువ్వు ఆలోచిద్దాం అంటావు, నేను మళ్ళీ టీ పోస్తాను. కోపం వస్తే రానీ. మనల్ని అడక్కుండా మన సంగతి ఇంకొకరు తేల్చేస్తే ఎలా ఉంటుందో ఇప్పుడు ఈ ఇంట్లో ముగ్గురికీ తెలిసినట్టే.

ఆ సాయంత్రం తనకి చెప్పాను. "ఊఁ" అంది. కానీ రాత్రి భోజనానికి తనే మెట్లెక్కి పైకి వచ్చింది, సెప్టెంబరు తర్వాత మొదటిసారి.

సీలింగ్ వల్ల ఒక చిక్కు వచ్చింది. ఇప్పుడు నేను ఇంటికి వచ్చినా తనకి తెలియడం లేదు. "వచ్చావో, ట్రాము కింద పడ్డావో తెలిసి చావడం లేదు" అని కేకలేసింది. "ట్రాములు తీసేసి ఎన్నేళ్ళయిందమ్మా, ఇప్పుడు బస్సులు" అన్నాను. "అయితే బస్సు కింద" అంది. కాబట్టి రోజూ దిగి వెళ్ళి మొహం చూపించి, "వచ్చాను" అని చెప్పాలి. చెప్పాక పైకి రావడం ఎలాగూ కుదరదు, పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతూ ఉంటుంది.

మొన్న గురువారం తను క్యాబేజీ ఆకుల్లో అన్నం చుడుతోంది. నేను ఆకులు విడదీసి ఇస్తున్నాను. తల ఎత్తకుండానే అడిగింది.

"అక్కడ కంపెనీ వాళ్ళిచ్చే ఇళ్ళకి నేలమాళిగ ఉంటుందా?"

"కొన్నిటికి ఉంటుందని రాశాడు."

"పీపా పట్టేంత?"

"కనుక్కుంటాను."

నాలుగైదు ఆకులు చుట్టింది. "చలికి పోతానట! వాడు పుట్టినప్పుడు మేమున్నది మట్టి గుడిసెలో. పొద్దున్నే లేచి వాడి దుప్పటి మీది మంచు దులిపేదాన్ని. చలి సంగతి వాడు నాకు చెబుతాడా!"

చేతిలో ఆకు అలాగే పట్టుకుని, "అయితే వస్తావా అమ్మా, మాతో?" అన్నాను.

అప్పుడు తలెత్తి నా వైపు చూసింది. "నువ్వు అడిగావు, సరే. వాడు అడిగాడా?" అంది. మళ్ళీ ఆకు చుట్టడంలో పడిపోయింది.

వస్తుందో రాదో నాకు తెలియదు ఒరెస్ట్. ఇక్కడ గుడి ఉంది, మీ నాన్న సమాధి ఉంది, తనకి తెలిసిన ప్రతి మొహమూ ఈ నాలుగు వీధుల్లోనే ఉంది. రానంటే నేనూ ఇక్కడే ఉంటాను, నువ్వే ఇటు పని చూసుకుని రావాలి. వస్తానంటే వసంతంలో ముగ్గురం కలిసి రైలెక్కుదాం. ఏదైనా సరే, తన నోటితో చెప్పాలి. నాకు రాసే ఉత్తరంలో చివర "అమ్మకి చెప్పు" అని ఒక వాక్యం తగిలించి ఊరుకోకు. విడిగా రాయి, మన భాషలో రాయి, పెద్ద అక్షరాలతో రాయి. కవరు మీద తన పేరే వెయ్యి. పోస్టుమాన్ వచ్చే వేళకి ఈ మధ్య తనే వాకిట్లో మంచు ఊడుస్తోంది.

ఇట్లు,
మీ అమ్మ కోడలు,
నీ జీనియా