పేరు అడిగే పిల్ల

మంగళవారం, రాత్రి

విరిగిన కాలితో ఈ వార్డులో పడి ఎనిమిది రోజులు. చుట్టాలు ఒక్కరూ తొంగిచూడలేదు. చచ్చాక భోజనాలకు వస్తారు కాబోలు. నర్సింగ్ చదివే పిల్ల మాత్రం, మనిషి మారిపోకుండా, మందు ఇచ్చే ప్రతిసారీ నా పేరు అడుగుతుంది. రోజంతటిలో నాతో మాట్లాడేది ఆమె ఒక్కతే.

పొద్దున పక్క మంచం హనుమంతు కోసం ఇన్సులిన్ సూది తెచ్చింది. అతను బాత్రూంకి వెళ్ళాడు. ఆమె అలవాటుగా నన్ను పేరు అడిగింది. "నేనే హనుమంతును" అని చెయ్యి చాపాను.

ఆమె నా చేతికి కట్టిన పేరు పట్టీ చదివి, సూది వెనక్కి లాక్కుంది.

"గిదేం పరాచికం కాకా? షుగర్ లేనోనికి గీ సూదేస్తే పానం పోతది!"

"పోతే పోనీ బిడ్డా, ఏడ్చేటోళ్ళు ఎవరున్నరు?"

ఆమె నవ్వలేదు. సాయంత్రం వచ్చి పట్టీ చదువుకుంది, మాత్ర అరచేతిలో పెట్టి వెళ్ళిపోయింది. పేరు అడగలేదు.