పోయొస్తానని రాయాలట

షమీమక్కా,

ఈ ఉదయం నర్సు నా వేళ్ళు చూసి విసుక్కుంది. గోళ్ళకు గోరింటాకు ఉంటే వేలికి తగిలించే మిషన్ సరిగ్గా చూపించదట. అమ్మ ముచ్చటపడి పెట్టింది. గీకినా పోలేదు.

కాసేపట్లో నా ఎడమ ఊపిరితిత్తిలో కింది భాగం తీసేస్తారు. కాన్సర్ అక్కడితోనే ఆగిందో లేదో కోసి చూస్తేగానీ తెలియదన్నారు.

నువ్వు ఎమ్మిగనూరులో, నేను ఆదోనిలో. ఒక్కసారీ కలవలేదు. ఊపిరితిత్తుల కాన్సర్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో నోరు విప్పని నాకు, ఊపిరి కసరత్తుకు ఆస్పత్రివాళ్ళిచ్చిన బంతుల డబ్బా గురించి నువ్వే వాయిస్ పెట్టేదానివి. "పాపా, ఆ డబ్బాలో గాలి పీల్సి మూడు బంతులూ లేపు. లేపకపోతే నీతో మాట్లాడను పో." నిన్న మూడోది లేచింది. చెబుదామంటే నువ్వు వానాకాలంలో నీ ఆపరేషన్‌లోనే చనిపోయావు.

అందుకే గ్రూపులో రాశాను, బంతి సంగతీ, "రేపు ఆపరేషన్‌కు పోతున్నాను" అనీ. ఇదే ఆపరేషన్ అయి తిరిగొచ్చిన చిప్పగిరి అన్న వెంటనే అందుకున్నాడు. "ఏందిమా, పోతున్నాననేది? పోయొస్తా అనాల. కాన్వెంట్లో ఇంగ్లీషేనా, ఇది సెప్పల్యా?" తర్వాత అందరిదీ అదే మాట.

దిద్దకుండానే పడుకున్నాను. ఇప్పుడు, స్ట్రెచర్ వచ్చాక, దిద్ది పంపాను. రెండుసార్లు తప్పు పడింది. అమ్మ ఫోన్ కోసం చెయ్యి చాపి నిలబడింది.

నీ ఆపరేషన్ రోజు పొద్దున నువ్వు నాకు పంపింది కూడా ఆ మాటే. "పోయొస్తా పాపా."