మా మేడ లిఫ్టుకు వేసిన సీలు తీయించుట గురించి

భవన యంత్రముల భద్రతాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: లిఫ్టు సాఫ్టువేరులో కొత్తగా బయటపడిన లొసుగు కారణముగా తమ కార్యాలయము వారు మా లిఫ్టును మూసివేయుట, అందువలన నా భార్య మోకాలు శాశ్వతముగా బిగిసిపోవు ప్రమాదము గురించి.

నాలుగవ అంతస్తులో కాపురముండు నేను విన్నవించుకొనునది. నేను అచ్చాఫీసులో అక్షరాలు కూర్చి రిటైరైన వాడను. బడిలో చదివినది తక్కువ. మిగిలిన చదువంతా సీసపు అక్షరాలను తిరగేసి చదువుకొన్నదే. కావున ఏదైనా తలకిందులుగా ఉంటే నాకు త్వరగా కనబడును. తమ ఉత్తర్వు అట్లే కనబడినది.

1. మా లిఫ్టును నడిపే పెట్టె ఒకటి పైకప్పు గదిలో ఉన్నది. దానికి ఇంటర్నెట్టు తీగ తగిలించినారు. లిఫ్టు మొరాయిస్తే కంపెనీ వారు తమ చోటనే కూర్చుని కారణము చూచుకొనుటకట. వారు చూచే దారినే దొంగ కూడా రాగలడని ఇటీవల పరిశోధకులెవరో కనుగొన్నారు. పాస్‌వర్డు అడగకుండానే ఆ పెట్టె ఎవరేమి చెప్పినా వినునట. తలుపుకు పెద్ద తాళము వేసి, "ఎవరూ?" అని కూడా అడగకుండా తలుపు తీసే మనిషిని లోపల కూర్చోబెట్టినట్టున్నది. మనుషులు లోపల ఉండగా ఎవడో ఎక్కడినుండో లిఫ్టును ఆపితే ఏమగునో ఊహించుటకు పెద్ద చదువు అక్కరలేదు. ఇంతవరకు తమరు కంగారుపడుట న్యాయమే. లొసుగును పూడ్చే అప్‌డేట్ కూడా కంపెనీ వారు విడుదల చేసినారు. మా కష్టము ఇక్కడి నుండి మొదలు.

2. నిరుడు తమ కార్యాలయము నుండి ఒక అమ్మాయి వచ్చి కింది హాలులో మాకు భద్రతా శిక్షణ ఇచ్చినది. (ఆ హాలు ఫ్యాను గురించి వేరే అర్జీ పెట్టుకొందును.) చక్కని పిల్ల. మా సంఘం సెక్రటరీ వెనుక వరుసలో గురక పెట్టినా కోపగించుకొనలేదు. బడిపిల్లల చేత ఎక్కాలు చెప్పించినట్టు మా చేత చెప్పించినది.

"అత్యవసరం అని లింకు వస్తే?"

"నొక్కం!"

"గడువు దాటితే మూసేస్తాం అని బెదిరిస్తే?"

"నొక్కం!"

"ప్రభుత్వం పేరుతోనే వస్తే?"

"అస్సలు నొక్కం!"

ఆ ఊపుకు సెక్రటరీ కూడా లేచి కూర్చున్నాడు. ఇంత బాగా నేర్చుకొన్న మేడ ఇంకొకటి లేదని ఆ అమ్మాయి మెచ్చుకొని వెళ్ళినది.

3. ఈ నెల మొదట్లో మా అందరి ఫోన్లకు ఒక సందేశము వచ్చినది. "అత్యవసరం. మీ లిఫ్టులో ప్రమాదకరమైన లొసుగు ఉంది. ఈ లింకు నొక్కి అప్‌డేట్‌కు అనుమతి ఇవ్వండి. గడువు దాటితే లిఫ్టు మూసేస్తాం." కింద తమ కార్యాలయము పేరు. మేమంతా తుడిచివేసినాము. తుడిచివేసి ఊరుకొనలేదు, గొప్పలు కూడా చెప్పుకొన్నాము. మూడో అంతస్తు టీచరమ్మ మెట్లెక్కి వచ్చి మరీ, "నేను పూర్తిగా చదవనైనా లేదు అన్నయ్యగారూ, పీకి పారేశాను" అన్నది. సెక్రటరీ, "నాకు రెండుసార్లొచ్చింది, రెండుసార్లూ తీసేశా. వాడికే విసుగొచ్చుంటుంది" అన్నాడు.

అయ్యా, ఆ "వాడు" తమరేనట. గడువు దాటగానే ఇద్దరు మనుషులు వచ్చి, కరెంటు పీకి, లిఫ్టు తలుపుకు సీలు అంటించి పోయినారు.

4. తమ కార్యాలయమునకు ఫోను చేసినాను. చాలాసేపు సంగీతము వినిపించినారు, మంచి సంగీతమే. తరువాత ఒకావిడ పలికినది.

"లింకు ఎందుకు నొక్కలేదు సార్?"

"నొక్కొద్దని మీరే నేర్పారు కదమ్మా."

"అది దొంగ లింకుల గురించండీ. ఇది మాది."

"మీదని ఎలా తెలుస్తుంది?"

"కింద మా ఆఫీసు పేరు ఉంది కదా."

"దొంగ కూడా మీ పేరే రాసుకుంటాడని చెప్పింది మీరే కదా తల్లీ."

ఆ తరువాత మళ్ళీ సంగీతము.

5. సరే, తప్పెవరిదైనా అప్‌డేట్ వేయించుకొందుమని మెకానిక్కును పిలిపించినాము. పెట్టెకు కరెంటు ఉంటేనే అప్‌డేట్ ఎక్కునని అతడు, సీలు తీస్తేనే కరెంటు ఇత్తుమని తమ వారు, అప్‌డేట్ ఎక్కినట్టు పత్రము చూపితేనే సీలు తీయుదుమని మళ్ళీ తమ వారే. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు.

6. ఇక అసలు సంగతి. నా భార్యకు మోకాలి ఆపరేషన్ అయినది. రోజు విడిచి రోజు ఆసుపత్రికి తీసుకొనిపోయి వంచే వ్యాయామము చేయించవలెను. "ఈ కొద్ది వారాల్లో వంచితేనే వంగుతుంది, ఆలస్యమైతే ఇక ఇంతే" అని డాక్టరు చెప్పినారు. మెట్లు ఎక్కరాదు, దిగరాదని కూడా చెప్పినారు. ఆసుపత్రి స్ట్రెచర్ మా మెట్ల మలుపులో తిరగదు. ఇంటికి వచ్చి చేయించే మనిషి కోసము పేరు రాయించి ఎదురుచూచుచున్నాము. ఇప్పటికి రెండు పర్యాయములు తప్పినవి. నిన్న ఆవిడ కాలు చాపుకొని, "ఏవండీ, ఇది నా కాలులా లేదు, ఎవరిదో తెచ్చి తగిలించినట్టుంది" అన్నది. నవ్వుతూనే అన్నది. నాకు నవ్వు రాలేదు.

ఇందుకు దారి లేకపోలేదు. తమ శిక్షణ ప్రకారమే లింకు జోలికి పోకుండా, కంపెనీ చిరునామా నేనే ఒక్కొక్క అక్షరము కొట్టి, వారి ప్రకటన చదివినాను. అప్‌డేట్ వేసేవరకు ఇంటర్నెట్టు తీగ పీకివేసిన చాలును, లిఫ్టు మామూలుగానే నడుచును, బయటివాడు లోపలికి రాలేడు అని వారే రాసినారు. అనగా పీకవలసినది ఒక సన్నని తీగ. తమరు పీకినది మా కాళ్ళు.

కావున తమరు దయచేసి ఒక మనిషిని పంపి, అతని ఎదుటనే ఆ తీగ తీయించి, కరెంటు ఇప్పించి, అప్‌డేట్ వేయించి, ఆ పెట్టెకు పాస్‌వర్డు పెట్టించి, సీలు తీయించి, నా భార్యను కిందికి దింపుటకు వీలు కల్పించవలెను. ఇకమీదట హెచ్చరిక పంపునప్పుడు లింకు పెట్టవద్దు. సంతకము చేసిన కాగితము గోడకు అంటించండి. సందేహము ఉన్నవారు తామే తమ కార్యాలయమునకు ఫోను చేసి కనుక్కొందురు. సంగీతము కొంచెము తగ్గించిన చాలును.

చిత్తగించి, ఉత్తర్వుకు బదులు ఈసారి ఒక మనిషిని పంపవలెను.

మెట్ల మీది నుండి,
తమ విధేయుడు,
నాలుగో అంతస్తు ముసలివాడు

తా.క. ఈ అర్జీ నా భార్యకు చదివి వినిపించినాను. అంతా విని, "బాగా రాశారు. జవాబొచ్చేలోపు నా కాలు కర్రయిపోతుంది" అన్నది. నేను కవరుకు జిగురు రాయుచుండగా చేతికర్ర తీసుకొని బయలుదేరినది. మెట్టు మీద కూర్చుని, కింది మెట్టుకు జరిగి, మళ్ళీ కూర్చుని. టీచరమ్మ ఒక పక్క, నేనొక పక్క. "ఆగండి వదినగారూ" అంటే, "ఆగే ఇంతదాకా వచ్చింది" అన్నది. ఆసుపత్రిలో కాలు వంచినారు. ఆవిడ అరిచిన అరుపుకు పక్క గదివారు తొంగిచూచినారు. కానీ మోకాలు కొంచెము వంగినది.

తిరిగి వచ్చితిమి. మెట్లు ఎక్కనివ్వవద్దని డాక్టరు నన్ను గట్టిగా హెచ్చరించినారు. కావున పైన "కిందికి దింపుటకు" అన్నచోట "పైకి ఎక్కించుటకు" అని చదువుకొనవలెను. ప్రస్తుతము ఆవిడ సీలు వేసిన లిఫ్టు తలుపు ఎదుట కుర్చీ వేయించుకొని కూర్చున్నది. మందులు, దుప్పటి కిందికి చేర్చినాను. తమ మనిషి వచ్చినప్పుడు మొదట కనబడునది ఆవిడే. నేనంటే అర్జీలు రాసుకొనే మనిషిని. ఆవిడకు ఆ అలవాటు లేదు.