నాలుగడుగుల బురద చెక్క

24 నవంబర్ 2003, సోమవారం

నిన్న సాయంత్రం 4.40కి రత్తమ్మని పోటు లాక్కుపోయింది. శవం ఇవాళ ఉదయం 7కి దొరికింది. వయసు నలభై ఆరు. తాళ్లరేవు అవతల పేట. గుల్లలు ఏరుకుని, బురద మీద జారే చెక్క మీద వెనక్కి వస్తోంది. ఒడ్డు ఇంకా మూడొందల గజాలుంది.

అదే రోజు, మధ్యాహ్నం 2

పాత నోట్‌బుక్ తీశాను. మార్చిలో మా పేపర్ ఫీచర్ కోసం ఆమెకే వాచీ పెట్టి చూశాను. కిలోమీటరు బురద, బస్తాతో, 32 నిమిషాలు. ఒక మోకాలు చెక్క మీద, రెండో కాలితో తోపుడు. బస్సు కండక్టరులా టైము రాసుకుంటారేంటండి, బురద మీద టిక్కెట్టు లేదు అని నవ్వింది.

అప్పటి చెక్క వడ్రంగి చిట్టియ్య చేతిది. నిలబెడితే ఎవరి చెక్క వారి గెడ్డం దాకా వస్తుంది. వెడల్పు పదకొండంగుళాలు. ముక్కు పైకి లేచి ఉంటుంది.

సెప్టెంబరులో ఒక సహాయ సంస్థ కొత్తవి పంచింది. ప్లైవుడ్. పొడవు నాలుగడుగులు, వెడల్పు పదహారంగుళాలు, అందరికీ ఒకటే. పాతది అప్పగిస్తేనే కొత్తది. నిన్న రత్తమ్మ కింద ఉన్నదీ అదే. పాతవి ఆ రోజు భోజనాల పొయ్యిలోకి పోయాయి. పులిహోర నేనూ తిన్నాను. వార్తా నేనే రాశాను.

25 నవంబర్

చిట్టియ్య కొత్త చెక్క మీద అదే కిలోమీటరు, అదే బరువుతో వచ్చాడు. 57 నిమిషాలు. మనిషి వేరు, కాబట్టి పోలిక కచ్చితం కాదు. అదీ రాశాను. వెడల్పుకి బురద పట్టేస్తోందిట. పొట్టిది కాబట్టి బస్తా బరువుకి ముక్కు దిగబడుతోందిట. ఇది పీటండి, కూర్చుని అన్నం తినమనండి వాళ్లని, అన్నాడు.

సంస్థ ఆఫీసర్ ఉదయ్‌భాస్కర్ చెడ్డవాడు కాదు. ఎనిమిది బై నాలుగు షీటుకి సరిగ్గా ఆరొస్తాయండి, ముక్క వేస్ట్ కాదు, వెడల్పుంటే పడిపోరు, సేఫ్ అనుకున్నాం, అన్నాడు. డిజైన్ మారాలంటే ఢిల్లీ సంతకం కావాలి. అదీ మార్చి నెల తర్వాతే.

27 నవంబర్

వార్త పడింది. జిల్లా పేజీ, నాలుగు సెంటీమీటర్లు. కొలతలు తీసేశారు. ఫోన్ చేస్తే, చెక్క సైజు ఎవరు చదువుతారు గురువుగారూ, అన్నాడు సబ్ ఎడిటర్.

1 డిసెంబర్

రత్తమ్మ కూతురు బేబీకి గెడ్డం కొలతతో ఒక చెక్క చెయ్యమని చిట్టియ్యని అడిగాను. చేస్తానండి, కానీ మామిడి పలక ఉప్పునీళ్లలో ఇరవై రోజులు నానాలి, లేకపోతే మధ్యలో మెలి తిరిగిపోద్ది, అన్నాడు.

పౌర్ణమి ఎనిమిదో తారీఖు. ఈ ఒక్కసారి మానెయ్యమని బేబీకి చెప్పాను. పౌర్ణమికీ అమావాస్యకీ తప్ప గుల్లల దిబ్బ బయటపడదు కదండీ, అమ్మ పోయిందని సముద్రం సెలవిస్తుందా, అంది. బస్తా సగమే నింపుతానంది.

సగం బస్తాకి ఎన్ని నిమిషాలో నా దగ్గర లేదు.

7 డిసెంబర్

రేపు బేబీ ఆ నాలుగడుగుల చెక్క మీదే పన్నెండింటికి దిగుతుంది. పోటు మొదలయ్యేది 3.05కి.