బాపు పేరు మీద వచ్చే ఉత్తరం

తిబిలిసి నుంచి,
యాదగిరన్న చేతికిచ్చి పంపుతున్నది.

అక్కా,

నీ కాళ్లకూ బావ కాళ్లకూ మొక్కి తమ్ముడు నర్సింగ్ రాస్తున్నాడు. నేను బాగున్నాను, మీరంతా బాగున్నారని తలుస్తాను అని ఎప్పటిలాగే మొదలుపెట్టి రెండు కాగితాలు చించేశాను. ఇంట్లో బాపు లేడని తెలిశాక అందరూ బాగున్నారా అని ఎట్లా అడగాలో తెలియడం లేదు. నీ ఒంట్లో ఎట్లా ఉంది? తింటున్నావా? చిన్నోడు తాత ఏడని అడుగుతున్నాడా? నా గురించి ఫికర్ పెట్టుకోకు. తింటున్నాను, పనికి పోతున్నాను, బాగానే ఉన్నాను.

నీ ఉత్తరం మొన్న గురువారం అందింది. టెలిగ్రాం ఇద్దామని నువ్వంటే, పరాయి దేశంలో పిల్లగాడు ఒక్కడే ఏడుస్తాడని బావ వద్దన్నాడని రాశావు. బావ మీద నాకేం కోపం లేదు. కొడుకు చేయాల్సిందంతా ఆయనే చేశాడు, అగ్గికుండ కూడా ఆయనే పట్టాడు. ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ మూడో రోజు పిట్టకు పెడితే ముట్టలేదని రాశావు చూడు, ఆ మాట దగ్గర ఆగిపోయాను. బాపుకు ఇష్టమని చిన్నమ్మ వండిన కోడికూర, ఉడకబెట్టిన శనగ గుడాలు, కల్లు అన్నీ పెట్టారట. నీ కొడుకు వస్తాడని ఆమె మొక్కినా కాకి గోడ దిగలేదట. చివరికి ఆవుకు పెట్టి వచ్చారట. బాపు మనసులో ఏం మిగిలిపోయిందో అని అందరూ అనుకుంటున్నారని రాశావు. అదేమిటో నాకు తెలుసు అక్కా. అది చెప్పడానికే ఈ ఉత్తరం. కానీ అక్కడికి రావాలంటే ముందు ఇక్కడి సంగతి కొంత రాయాలి.

మీరంతా రష్యా అంటారు గానీ ఈ జాగా పేరు జార్జియా. ఎటు చూసినా ద్రాక్షతోటలే. వచ్చిన కొత్తలో హాస్టల్ క్యాంటీన్ చప్పిడి కూడు తిని నా నాలుక చచ్చిపోయింది. మా ఫ్యాక్టరీ ట్రైనింగ్‌కు పంపిన వాళ్లలో తెలుగు మాట్లాడేది నేనూ మలక్‌పేట యాదగిరన్నే. ఆయన నాకంటే ముందు వచ్చాడు, ఇక్కడి వాళ్లతో రష్యన్‌లో గడగడ మాట్లాడతాడు. నా ముఖం చూడలేక ఆదివారాలు బజార్లూ పల్లెలూ తిప్పడం మొదలుపెట్టాడు. ఒక సందులో మట్టి భట్టీ గోడకు పిండి కొట్టి రొట్టెలు తీస్తున్నారు, అచ్చం మన షాలిబండలో నాన్‌లు తీసినట్టు. ఆ వాసనకు రోడ్డు మీదే నిలబడిపోయాను. అక్రోట్ ముద్ద పెట్టిన వంకాయ చల్లగా పెడతారు. బగారా బైంగన్ తిన్న నోటికి అది ఏం ఆనుతుంది గానీ, వంకాయ కనబడిందే చాలనుకుని నాలుగు తిన్నాను. మక్కరొట్టె దొరుకుతుంది. ఎర్ర కారం ముద్ద కూడా దొరికింది, ఆ సీసా జేబులో వేసుకుని క్యాంటీన్‌కు పోయేవాణ్ని. ఈ సంగతి రాస్తే నువ్వు చదివి వినిపించావని, బాపు విని "కారం దొరికిందంటే ఇగ బతుకుతడు పోరడు" అన్నాడని నువ్వే రాశావు. ఆ ముక్క ఇప్పటికి ఎన్నిసార్లు చదువుకున్నానో.

ద్రాక్ష కోతల కాలంలో ఇక్కడి ఫ్యాక్టరీ వాళ్లను కూడా తోటలకు పంపుతారు. ఒక ఆదివారం మమ్మల్ని బస్సులో తీసుకెళ్లారు. పొద్దంతా గుత్తులు కోసి గంపలు మోశాం. మధ్యాహ్నం ఆ తోట చూసే వానో తాత అనే ముసలాయన ఇంటి ముందు పందిరి కింద బల్ల వేశారు. ఎండిన ద్రాక్ష కొమ్మల నిప్పుల మీద మాంసం కాల్చారు. చీజు పెట్టిన రొట్టెలు, పుల్లటి పండ్ల పచ్చడి, ఆకుకూరలు, పళ్లెం మీద పళ్లెం పెడుతూనే ఉన్నారు, బల్ల మీద చేయి పెట్టే సందు లేదు. మస్తు తిన్నాను అక్కా, దాచను. వాళ్లు ద్రాక్షసారాను పెద్ద కాగుల్లో పోసి మెడదాకా భూమిలో పాతిపెడతారు. తాత మూత తీసి కర్రకు కట్టిన సొరకాయ బుర్రతో పైకి తోడాడు.

అచ్చం కల్లు బుర్రలా ఉన్న దాన్ని చూడగానే నాకు బాపు గుర్తుకొచ్చాడు. కల్లు కంపౌండు నుంచి వస్తూ గుమ్మంలోనే నిన్ను కేకేసేవాడు చూడు, అట్లా కళ్ల ముందు నిలిచాడు. నలుగురు చూస్తారని నేనెప్పుడూ ఆ గేటు దాటలేదు. బాపును పిలవడానికి కూడా నువ్వే పోయేదానివి. ఇక్కడేమో తండ్రీ కొడుకులు ఒకే బల్ల దగ్గర కూర్చుని తాగుతారు. పెద్దాయన ఒక మాట చెప్పేదాకా ఎవరూ గ్లాసు ముట్టరు. వానో తాత కొడుకు మేం ట్రైనింగ్ తీసుకునే ఫ్యాక్టరీలో ఇంజనీరు. తండ్రి మాట్లాడుతుంటే వాడు తల వంచుకుని వింటున్నాడు. నాకు సిగ్గేసింది.

ఎందుకో ఇప్పుడు చెబుతాను. నేను బయల్దేరిన రోజు పిల్లలకు జ్వరమని నువ్వు నాంపల్లి స్టేషన్‌కు రాలేదు. బాపు వచ్చాడు. కంపౌండు నుంచి నేరుగా వచ్చాడు, చేతిలో గుడాల పొట్లం. ప్లాట్‌ఫారం మీద కనబడ్డ వాళ్లందరికీ "మా పోరడు రష్యా పోతుండు" అని చెప్పుకుంటూ వచ్చాడు. మా ఆఫీసర్లు, వాళ్ల భార్యలు అక్కడే ఉన్నారు. వాసన కొడుతోంది. ఎవరయ్యా ఈయన, మీ నాన్నా అని పెద్ద ఆఫీసరు అడిగాడు. నేను, "కాదు సార్, మా బస్తీల ఉంటడు" అన్నాను.

బాపు విన్నాడు అక్కా. నా ముఖంలోకి ఒకసారి చూశాడు. తిడితే బాగుండేది, ఒక దెబ్బ కొట్టినా బాగుండేది. ఆఫీసరుకు చేతులు జోడించి, "అవ్ సార్, బస్తీ పిల్లగాడు. మంచిగ సూసుకోండ్రి" అన్నాడు. పొట్లం కిటికీలో పెట్టి వెళ్లిపోయాడు, బండి కదలడానికి ఇంకా పావుగంట ఉంది. నీకు మాత్రం బండి కదిలేదాకా చేయి ఊపానని చెప్పాడట. ఆ మాట నీ మొదటి ఉత్తరంలో చదివినప్పుడే నీకు నిజం రాసి ఉండాల్సింది. రాయలేకపోయాను.

ఆ రోజు బల్ల దగ్గర తాత నావైపు తిరిగి ఏదో అడిగాడు. యాదగిరన్న చెప్పాడు: "మీ బాపు ఉన్నడా అని అడుగుతుండు. ఉంటే లేచి నిలవడి తాగాలె. లేకుంటే రొట్టె మీద నాలుగు సుక్కలు పొయ్యాలె, పోయినోళ్లకు మనం సాక పోసినట్టు."

నేను లేచాను. "ఉన్నడు. మా బాపు పేరు మల్లయ్య. రైల్వేల గ్యాంగ్‌మన్ పని చేసిండు" అని అందరికీ వినబడేటట్టు చెప్పాను, యాదగిరన్న దాన్ని రష్యన్‌లో చెప్పాడు. తాత కూడా లేచాడు, బల్ల చుట్టూ అందరూ లేచి బాపు నూరేళ్లు బతకాలని గ్లాసులు ఖాళీ చేశారు. నా జన్మలో బాపు పేరు పది మందిలో చెప్పుకుని గర్వపడింది ఆ ఒక్కసారే. ఆ ఆదివారానికి బాపు పోయి పన్నెండు రోజులు. నీ ఉత్తరం వచ్చాక వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. రొట్టె మీద పోయాల్సినవి నేను నిలబడి తాగేశాను. నిన్న యాదగిరన్నను వెంటబెట్టుకుపోయి తాతకు సంగతి చెబితే, ఒక రొట్టె ముక్క నా చేతిలో పెట్టి బుర్ర అందించాడు. పోశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ బల్ల దగ్గరి నుంచి వచ్చిన మర్నాడు, మధ్యాహ్నం తిండి మానేసి బాపుకు ఉత్తరం రాశాను. నీ పేరు మీద కాదు, బాపు పేరు మీదే. స్టేషన్‌లో అన్నది తప్పని రాశాను. "బాపూ, నేనచ్చినంక కంపౌండుల నీ పక్కన కూసుంట, అందరి ముందట కూసుంట" అని ఆయన మాటలోనే రాశాను, నువ్వు చదివితే ఆయనకు నేను మాట్లాడినట్టే ఉండాలని. అప్పుడే పోస్టులో వేశాను. ఇక్కడి నుంచి ఉత్తరాలు ఒక్కోసారి నెల పైనే పడుతున్నాయి. యాదగిరన్న ట్రైనింగ్ అయిపోయి శనివారం విమానం ఎక్కుతున్నాడు గనుక ఇది నీకు ముందే అందుతుంది, అది వెనక వస్తుంది.

మన పోస్ట్‌మ్యాన్‌కు బాపు పోయిన సంగతి తెలిసే ఉంటుంది. పైన పేరు చూసి, మనిషి లేడని రాసి వాపస్ చేస్తే అది తిరిగి తిరిగి నా చేతికే వస్తుంది. అట్లా కానివ్వకు అక్కా. పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకు రోజూ గుమ్మంలో ఉండు. నువ్వే చేయి చాపి తీసుకో. ఇంట్లో విప్పకు. బొందలగడ్డకు పోయి, బాపును బొంద పెట్టిన చోట కూర్చుని, ఎప్పుడూ చదివినట్టే పైకి చదువు. మెల్లగా చదవకు, గట్టిగా చదువు. దారిన పోయేవాళ్లు ఆగి విన్నా మంచిదే. నేను ఆ మాట అన్నది కూడా నలుగురిలోనే కదా.

యాదగిరన్నతో పిల్లలకు దారానికి గుచ్చిన అక్రోట్‌లు పంపుతున్నాను. ద్రాక్షరసంలో ముంచి ఆరబెట్టినవి, చూస్తే కొవ్వొత్తుల్లా ఉంటాయి, భయపడకుండా తినమను. ఆయనకు ఒక పూట అన్నం పెట్టి పంపు, ఇక్కడ నాకు తోడున్నది ఆయనే. నాకు ఇంకా ఏడు నెలల ట్రైనింగ్ ఉంది, అడిగితే సెలవు లేదన్నారు. చలి మొదలైంది, స్వెటర్ ఉంది, ఫికర్ చేయకు. చిన్నమ్మకు నా దండాలు చెప్పు, పిట్ట ముట్టలేదని ఏడవొద్దని చెప్పు, తప్పు ఆమె వంటది కాదు. బావకు మళ్లీ మళ్లీ మొక్కుతున్నాను. పిల్లలకు ముద్దులు. నువ్వు నన్ను తిట్టాలనుకుంటే తిట్టి రాయి, రాయడం మాత్రం మానకు. నాకు నీ దీవెన కావాలి.

ఇట్లు,
ఉప్పుగూడ గ్యాంగ్‌మన్ మల్లయ్య కొడుకు
నర్సింగ్